వెలుగు లిపి

పాఠ్యభాగ ఉద్దేశం

అంతరిక్ష చిత్రాలను చూసి ఆనందించడంతో తృప్తి పడకుండా, అవి ఎలా తయారవుతాయో, వాటిలోని రంగులు దేనిని సూచిస్తాయో గ్రహించి చదవగల నేర్పును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున నిలిచి చూసేవారికి నది అఖండంగా, ఒక చిన్న సముద్రంలా గోచరిస్తుంది. ధవళేశ్వరం దగ్గర అది గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ వేరుపడుతుంది. ఈ పాయల నడుమ కొబ్బరితోటలతో, వరిచేలతో అలరారే నేల కోనసీమ. అమలాపురం రైతుకు తన పొలానికి నీరు తెచ్చే కాలువ తెలుసు. అంతర్వేది మత్స్యకారునికి వసిష్ఠ కడలిలో కలిసే చోటు తెలుసు. యానాం వాసికి గౌతమి తెలుసు. కాని డెల్టా మొత్తం ఏ ఆకారంలో ఉన్నదో అక్కడ నివసించే ఎవరికీ కంటితో చూసే అవకాశం లేదు. లోపల ఉన్నవానికి మొత్తం కనిపించదు. మొత్తం కనిపించాలంటే దూరం జరగాలి.

ఈ నియమం ఆకాశానికి కూడా వర్తిస్తుంది. మన సూర్యుడు పాలపుంత అనే నక్షత్ర సముదాయంలో ఒక సామాన్య నక్షత్రం. పాలపుంత వెలుపలికి మానవుడు పంపిన నౌక ఏదీ ఇంతవరకు చేరలేదు. కనుక పుస్తకాలలో సుడి తిరిగినట్లు కనిపించే పాలపుంత బొమ్మ, శాస్త్రజ్ఞులు కట్టిన లెక్కల ఆధారంగా చిత్రకారుడు గీసినదే గాని కెమెరా తీసినది కాదు. అంతరిక్ష చిత్రాలను చూసే ప్రతివారూ మొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే. ఏది కొలిచి తెచ్చినది, ఏది ఊహించి గీసినది అన్న వివేకం లేకపోతే చిత్రం మనకు జ్ఞానాన్ని ఇవ్వదు, భ్రమను మాత్రమే ఇస్తుంది.

గాజు పలక మీద గ్రహణం

చుక్క చుక్కగా కారే నీటి కింద కుండ పెడితే తెల్లవారేసరికి నిండుతుంది. దోసిలి పట్టినవాడు అంతసేపు నిలవలేడు. కంటికీ కెమెరాకూ గల తేడా ఇటువంటిదే. మన కన్ను తనలో ప్రవేశించిన వెలుగును సెకనులో ఏ కొద్ది భాగానికో మించి కూడబెట్టుకోలేదు. ఛాయాచిత్ర పలక గంటల తరబడి వెలుగును పోగుచేసుకొంటుంది. అందువల్లనే దూరదర్శినిలో కంటికి ఆనని మసక తారలు సైతం పలక మీద స్పష్టంగా ముద్రపడతాయి. పైగా చూసినవాని జ్ఞాపకం కాలక్రమంలో చెదిరిపోతుంది. పలక మీది ముద్ర మిగిలి ఉండి, ఆ తరువాతి తరాల వారు సైతం కొలతలు తీసుకొనేందుకు వీలు కల్పిస్తుంది.

ఈ విద్య తెలుగునేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాల మీదుగా సాగింది. దానిని పరిశీలించడానికి ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్, ఆంగ్లేయుల పక్షాన మేజర్ టెనెంట్ బృందం గుంటూరుకు వచ్చారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు నిలిపాడు. చంద్రబింబం సూర్యుని పూర్తిగా కప్పి ఉంచిన ఐదారు నిమిషాలలోనే పని అంతా ముగియాలి. ఆ కాలంలో గాజు పలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలసి ఉండేది. ఇన్ని ఇబ్బందుల మధ్య టెనెంట్ బృందం గ్రహణాన్ని పలకల మీదికి ఎక్కించింది.

జాన్సెన్ వర్ణపటదర్శినిని ఉపయోగించాడు. ఇంద్రధనుస్సులో వలె వెలుగును రంగులుగా విడదీసి చూపే సాధనం అది. ప్రతి మూలకమూ వేడెక్కినప్పుడు తనకే ప్రత్యేకమైన రంగు గీతలను వెలువరిస్తుంది. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వేడెక్కిన వాయువులని, వాటిలో హైడ్రోజన్ ప్రధానమని ఆ గీతలు తెలియజేశాయి. అవి ఎంతో ప్రకాశవంతంగా ఉండటంతో, గ్రహణం లేని వేళ కూడా వాటిని చూడవచ్చునని జాన్సెన్ భావించి, మరునాడే గుంటూరులో చూసి నిరూపించాడు. ఆ ఏడాది పరిశీలనలలో కనిపించిన ఒక పసుపు గీత మాత్రం భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. సూర్యుని పేరుమీద దానికి హీలియం అని నామకరణం చేశారు. 1895లో విలియం రామ్సే దానిని భూమి మీద కనుగొనే వరకు, హీలియం సూర్యుని వెలుగులో మాత్రమే చదవగలిగిన అక్షరం.

తరువాత హైదరాబాదులో మరొక మహాకార్యం జరిగింది. ఆకాశంలోని నక్షత్రాలను ఛాయాచిత్రాల ద్వారా లెక్కించి పట్టికలు తయారుచేయాలని 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు నిశ్చయించారు. ప్రపంచంలోని నక్షత్రశాలలు ఆకాశాన్ని తలా కొంత పంచుకొన్నాయి. అందులో ఒక భాగం నవాబ్ జాఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా నక్షత్రశాలకు లభించింది. అక్కడివారు ఏళ్ళ తరబడి పలకలు తీసి, ఒక్కొక్క చుక్క స్థానాన్నీ కొలిచి, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల వివరాలను పట్టికలకు ఎక్కించారు. చూసేవారికి ఆ పలకలు నల్లని మచ్చల గాజుముక్కలు. చదివేవారికి అవి ఆకాశపు జనాభా లెక్కలు.

పడుగు, పేక, గడి

నేటి కెమెరాలలో గాజు పలకకు బదులు సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద లక్షలాది సూక్ష్మమైన గడులు వరుసలు తీరి ఉంటాయి. వీటిని పిక్సెళ్ళు అంటారు. ప్రతి గడీ తన మీద పడిన వెలుగు ఎంతో కొలిచి ఒక అంకెగా మారుస్తుంది. ఉప్పాడ జాందానీ చీర నేసే కళాకారుని పనితో దీనిని పోల్చవచ్చు. ఏ పడుగు పోగు దగ్గర ఏ రంగు పేక పోగు వేయాలో ముందుగా లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పకుండా నేస్తే మగ్గం మీద నెమలి రూపుదిద్దుకొంటుంది. అలాగే అంతరిక్ష నౌక పంపేది బొమ్మను కాదు, అంకెల వరుసను. భూమి మీది కేంద్రాలు ఆ అంకెలను గ్రహించి, గడి గడిగా అమర్చి చిత్రంగా నేస్తాయి.

ఒక్కొక్క గడి నేల మీద ఎంత మేర చూపగలదో అదే ఆ చిత్రం సూక్ష్మతకు కొలమానం. ఉదాహరణకు, మన దేశపు ఐ.ఆర్.ఎస్. శ్రేణిలో మొదటి దూర పరిశీలక ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ ను తీసుకొందాం. 1988 మార్చి 17న నాటి సోవియట్ యూనియన్‌లోని బైకనూరు నుంచి దానిని ప్రయోగించారు. దాని కెమెరాలలో ఒకదానికి గడి వైశాల్యం 72.5 మీటర్ల చదరం. అంటే ఒక ఎకరం పొలం ఆ గడిలో ఇమిడిపోగా ఇంకా చోటు మిగులుతుంది. 2003లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన రిసోర్స్‌శాట్-1 లోని సూక్ష్మమైన కెమెరాకు గడి 5.8 మీటర్లు. అదే ఎకరం పొలం ఇందులో సుమారు 120 గడులుగా కనిపిస్తుంది. మొదటి చిత్రంలో జిల్లా పంటల తీరు తెలుస్తుంది, రెండవదానిలో పొలం గట్టు తెలుస్తుంది. గడి కన్నా చిన్నదానిని చిత్రంలో వెదకడం, జల్లెడతో నీళ్ళు మోయడం వంటిది.

రంగుల అంతరార్థం

అంతరిక్ష చిత్రాలలో ఎక్కువగా అపార్థానికి గురయ్యేవి రంగులు. మన కంటికి కనిపించే వెలుగు మొత్తం వెలుగులో ఒక సన్నని పట్టీ మాత్రమే. దానికి ఒకవైపు అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు, మరొకవైపు పరారుణ, రేడియో తరంగాలు ఉన్నాయి. వీటిని కన్ను చూడలేదు, పరికరాలు కొలవగలవు. కొలిచిన దానిని కంటికి చూపాలంటే ఏదో ఒక రంగు ఇవ్వక తప్పదు.

1995లో హబుల్ దూరదర్శిని గరుడ నీహారికలోని ధూళి స్తంభాలను చిత్రించింది. ‘సృష్టి స్తంభాలు’ అన్న పేరుతో అది లోకప్రసిద్ధి పొందింది. మూడు వేర్వేరు వడపోతల ద్వారా తీసిన నలుపు తెలుపు చిత్రాలలో గంధకపు కాంతికి ఎరుపు, హైడ్రోజన్ కాంతికి ఆకుపచ్చ, ప్రాణవాయువు కాంతికి నీలం కేటాయించి, మూడింటినీ కలిపి ఆ చిత్రాన్ని రూపొందించారు. 2022లో జేమ్స్ వెబ్ దూరదర్శిని అదే ప్రదేశాన్ని పరారుణ కాంతిలో చూసింది. హబుల్ చిత్రంలో దట్టంగా ఉన్న ధూళి ఇక్కడ పలుచబడి, దాని మాటున ఉన్న నక్షత్రాలు బయటపడ్డాయి. రెండు చిత్రాలూ సత్యమే. అవి ఒకే వస్తువును రెండు వేర్వేరు వెలుగులలో అడిగిన రెండు ప్రశ్నలకు జవాబులు. 2019 ఏప్రిల్ 10న వెలువడిన మొదటి కృష్ణబిలం చిత్రంలోని నారింజ వలయం సంగతి కూడా ఇంతే. ప్రపంచంలోని పలు రేడియో దూరదర్శినులు కలిసి కొలిచిన రేడియో తరంగాలకు ఆ రంగు మనుషులు ఇచ్చినది. రంగు మనది, వలయం ప్రకృతిది.

ఈ విషయం తెలియకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. దీపావళి రాత్రి భారతదేశం అంతరిక్షం నుంచి ఇలా మెరిసిందంటూ రంగురంగుల చిత్రమొకటి ఏటా చేతులు మారుతూ ఉంటుంది. నిజానికి అది ఒక రాత్రి తీసిన చిత్రం కాదు. అమెరికా శాస్త్రజ్ఞులు వివిధ సంవత్సరాలలో తీసిన రాత్రి చిత్రాలను కలిపి, ఏ కాలంలో ఏ ఊళ్ళలో విద్యుద్దీపాలు పెరిగాయో ఒక్కొక్క రంగుతో సూచించిన పటం. అందులో పండుగ లేదు, పట్టణాల పెరుగుదల ఉన్నది. అసలు అర్థం తెలిసినవారికి ఆ చిత్రం మరింత విలువైనది.

శ్రీహరికోట నుంచి

ఈ రంగంలో మన దేశం కూడా తన పుటలను చేర్చింది. మన రాష్ట్ర తీరంలోని శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. దాని కక్ష్య బాగా కోలగా ఉండటం వల్ల, దూరంగా ఉన్న సమయాలలో అంగారక గోళం మొత్తాన్ని ఒకే చిత్రంలో బంధించగలిగింది. దూరం జరిగితేనే మొత్తం కనిపిస్తుందన్న నియమం ఇక్కడ కూడా రుజువైంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 లోని విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతం చేరువలో దిగింది. అంతకు ముందే చంద్రుని చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-2 తన కెమెరాతో నేల మీది విక్రమ్‌ను చిత్రించింది.

2023 సెప్టెంబరు 2న పంపిన ఆదిత్య-ఎల్1 భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుని పరిశీలిస్తున్నది. అందులోని ఒక పరికరం సూర్యబింబాన్ని ఒక అడ్డుతో కప్పి, చుట్టూ ఉన్న మసక కాంతి వలయాన్ని మాత్రమే చూస్తుంది. అంటే అది తనకు తానే గ్రహణం కల్పించుకొంటుంది. ఆ పరికరాన్ని రూపొందించినది బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ. మద్రాసు నక్షత్రశాలే ఆ సంస్థకు మూలం. 1868లో ఐదారు నిమిషాల చీకటి కోసం మచిలీపట్నంలో ఎదురుచూసిన నక్షత్రశాల వారసులు, నేడు గంటల తరబడి నిలిచే గ్రహణాన్ని తమంతట తామే సృష్టించుకొంటున్నారు.

కెమెరా నేల వైపు తిరిగితే

1968 డిసెంబరు 24న చంద్రుని చుట్టూ తిరుగుతున్న అపోలో-8 నుంచి విలియం ఆండర్స్ తీసిన చిత్రంలో, చంద్రుని బూడిదవన్నె నేల మీదుగా నీలిరంగు భూమి ఉదయిస్తున్నట్లు కనిపించింది. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన చిత్రంలో అదే భూమి ఒక గడికి కూడా చాలని చుక్క. చంద్రుని చూడటానికి వెళ్ళినవారు భూమిని చూసి వచ్చారు. ఆకాశ వస్తువుల కోసం పెంపొందించిన విద్య ఇలా నేలకు కూడా ఉపకరించింది.

1974లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, ఉపగ్రహాలు పంపే అంకెలను అందుకొని చిత్రాలుగా మలచే పనిని చేపట్టింది. షాద్‌నగర్ వద్ద దాని భూకేంద్రం ఉన్నది. అటువంటి చిత్రాలలో గోదావరి డెల్టాను మొదటిసారి చూసేవారు విస్తుపోతారు. పచ్చని కోనసీమ అందులో ఎర్రగా ఉంటుంది. కారణం ఇది: పచ్చని ఆకు మనకు కనిపించే వెలుగులో కన్నా సమీప పరారుణ కాంతిలో ఎన్నో రెట్లు ఎక్కువగా మెరుస్తుంది. ఆ కాంతికి చిత్రంలో ఎరుపు కేటాయిస్తారు. ఏపుగా ఎదిగిన పైరు నిండు ఎరుపుగాను, వాడిన పైరు వెలిసిన ఎరుపుగాను కనిపిస్తాయి. కోరంగి మడ అడవులు ముదురు ఎరుపులో ఉంటాయి. నీరు పరారుణ కాంతిని పీల్చుకొంటుంది కనుక లోతైన కడలి నల్లగాను, ఒండ్రు కలిసిన నది లేత నీలంగాను అగుపిస్తాయి. ఈ లిపి తెలిసినవాడు ఏ చేను నీరు లేక వాడుతున్నదో, ఏ చేను చేపల చెరువుగా మారిందో చదవగలడు.

ఆ చిత్రాలలో తీరానికి సమాంతరంగా, లోపలి నేలలో వంపులు తిరిగిన చారలు కనిపిస్తాయి. అవి పూర్వపు ఇసుక మేటలు. ఒకనాడు కడలి అంచు అక్కడ ఉండేది. గోదావరి తెచ్చిన ఒండ్రు వేల సంవత్సరాలుగా పేరుకొని నేల సముద్రంలోకి పెరిగింది. మెరక మేటల మీద ఊళ్ళు, కొబ్బరితోటలు, మేటల నడుమ పల్లపు నేలలో వరిచేలు వెలిశాయి. నేల మీద నడిచేవానికి అది చిన్న ఎత్తుపల్లం. ఆకాశం నుంచి చూసేవానికి అది డెల్టా పుట్టుక కథ.

చదవగలిగినవారి బాధ్యత

ఆ కథలో ఆందోళన కలిగించే అధ్యాయం కూడా ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1976, 2001 సంవత్సరాల తీరరేఖలను పోల్చి చూశారు. ఆ 25 ఏళ్ళలో గోదావరి డెల్టా తీరం కొన్నిచోట్ల పెరిగినా, ఎక్కువచోట్ల కోతకు గురై, మొత్తం మీద సుమారు 1,800 హెక్టార్ల నేలను కోల్పోయిందని తేలింది. నది మీద కట్టిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం, అందువల్ల సముద్రతీరానికి చేరే మట్టి తగ్గిపోవడం దీనికి ముఖ్య కారణంగా వారు గుర్తించారు. ఉప్పాడ తీరవాసులకు ఈ కోత అనుభవంలో ఉన్నదే. ఇళ్ళు, రోడ్డు అలల పాలవడం వారు చూస్తూనే ఉన్నారు. అయితే అది తమ ఊరికి మాత్రమే వచ్చిన ఆపదా, డెల్టా మొత్తానికి వచ్చిన మార్పా అన్నది ఒక్క ఊరి నుంచి చూస్తే తెలియదు. ఆనకట్ట ఎగువన తీసుకొన్న నిర్ణయానికీ, దిగువన కూలిన గోడకూ గల సంబంధం పై నుంచి చూసినప్పుడే స్పష్టపడుతుంది.

చిత్రం ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదన్న సత్యాన్ని 1996 నవంబరు 6వ తేదీ కోనసీమకు నేర్పింది. ఆ రాత్రి తీరం దాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా మరణించారు. కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో కూలాయి. ఇన్సాట్ ఉపగ్రహాలు అప్పటికే మేఘచిత్రాలను పంపుతూ ఉన్నాయి. మేఘాల పైభాగపు వేడిని కొలిచే పరారుణ కెమెరాలు రాత్రివేళ కూడా తుఫాను కదలికను చూపగలవు. కాని చిత్రాన్ని చదవడం, చదివిన దానిని సకాలంలో కడపటి గుడిసెకూ, వేటకు వెళ్ళిన పడవకూ చేరవేయడం, విన్నవారు నమ్మి కదలడం అనే మెట్లన్నీ దాటితేనే ఆ చిత్రం మనిషిని కాపాడుతుంది.

నేడు ఆ మెట్లు కొంత బలపడ్డాయి. వరదకాలంలో మబ్బులు కమ్మి మామూలు కెమెరాలు పనిచేయనప్పుడు, రాడార్ ఉపగ్రహాలు తామే తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటితో చిత్రాన్ని నిర్మిస్తాయి. నిలిచిన నీరు అద్దంలా తరంగాలను పక్కకు మళ్ళిస్తుంది కనుక ముంపు ప్రాంతం నల్లగా కనిపిస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంక గ్రామాలు నీట మునిగినటువంటి వేళ, ఏ ఊరు మునిగిందో, ఏ దారి మిగిలిందో చెప్పగల కన్ను రాడార్. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం సముద్రజలాల ఉష్ణోగ్రతను, అందులోని పచ్చదనాన్ని ఉపగ్రహ చిత్రాలలో చూసి, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తున్నది.

అక్షరాలు తెలియనివానికి పత్రం కాగితం మాత్రమే. తన భూమి పత్రాన్ని తాను చదువుకోలేనివాడు ఇతరుల మాట మీద ఆధారపడవలసి వస్తుంది. అంతరిక్ష చిత్రాల విషయంలోనూ అంతే. ఏ చిత్రం కనిపించినా నాలుగు ప్రశ్నలు వేసుకోవడం నేటి విద్యార్థికి అవసరం. దీనిని ఏ సాధనం, ఎప్పుడు తీసింది? ఏ వెలుగులో తీసింది? ఒక్కొక్క గడి ఎంత మేరను చూపుతున్నది? రంగులను ఎవరు, దేనికి గుర్తుగా ఇచ్చారు? ఈ నాలుగింటికి జవాబు తెలిసినప్పుడు నీహారిక చిత్రం అందమైన బొమ్మగా మిగిలిపోదు, డెల్టా చిత్రం అర్థం కాని ఎర్రని మరకగా ఉండిపోదు. తీరరేఖ ఎక్కడ ఉన్నదో, ఎటు జరుగుతున్నదో డెల్టా బిడ్డలు తామే చదివి, తమ ఊరి సభలో తామే చెప్పగలుగుతారు.

అభ్యాసం

1. కంటికి, ఛాయాచిత్ర పలకకు గల భేదాన్ని వివరించి, 1868 నాటి సూర్యగ్రహణ పరిశీలన ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. ఉపగ్రహ చిత్రంలో కోనసీమ ఎర్రగా కనిపించడానికి కారణమేమి?
3. “చిత్రం ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదు” – ఈ వాక్యాన్ని సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
4. మీకు లభించిన ఏదైనా ఒక అంతరిక్ష చిత్రానికి పాఠంలోని నాలుగు ప్రశ్నలు వేసి, జవాబులను మీ సొంత మాటలలో రాయండి.